నిప్పు లోపలి వైపు

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూడకుండా ఏనాడూ గిన్నె లోపలికి తీసుకెళ్ళలేదు. పెద్దయ్యాక ఆ గుణానికే పరిశోధన అని పేరు పెట్టి, విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో కుర్చీ వేశారు. "అనుమానం పెనుభూతం అంటారు గానీ, మన సుభాషిణి దగ్గర అది పెంపుడు భూతం" అని మా ప్రొఫెసర్ మోహనరంగం గారు అందరి ముందూ అంటుండేవారు. నేనూ నవ్వేదాన్ని. పొగడ్తే అనుకున్నాను.

మేము తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది. మా నోళ్ళలో మాత్రం అది తుప్పు గడియారం. ఆడామగా కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఒక వైరస్ గర్భసంచి ముఖద్వారం దగ్గర చేరుతుంది. చాలామందిలో ఏడాదికో రెండేళ్ళకో తనంత తానే పోతుంది. పోకుండా తిష్ఠ వేసిన చోట కణాల్లో మంట మొదలవుతుంది. పట్టుతప్పిన ఆక్సిజన్ ముక్కలు జన్యువుల్ని కొరుకుతూ పోతాయి. ఉప్పుగాలికి ఇనుప చువ్వ తుప్పు పట్టడం లాంటిదే ఇదీ. కొరికిన చోటల్లా మచ్చ మిగులుతుంది. దూదిపుల్లతో తీసిన నాలుగు కణాలు లోపల పెడితే మా గడియారం ఆ మచ్చలు లెక్కపెట్టి, వైరస్ ఎన్నేళ్ళ క్రితం వచ్చిందో చీటీ మీద అచ్చువేస్తుంది. ఎంత పాతదైతే క్యాన్సరుకు అంత దగ్గర. అలాంటివాళ్ళని ముందుగా పిలిచి వైద్యం చేయాలన్నది మా ఉద్దేశం.

మొదటి నమూనా నాదే. సరదాకి పెట్టాను. యంత్రం గురగురమని, చీటీ బయటికి తోసింది.

"వైరస్ ఉంది. వచ్చి: 8 ఏళ్ళు."

నాకు పెళ్ళయి పదమూడేళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం అంటే మా ఆయన శశిధర్ రైల్వే శిక్షణ అని సికిందరాబాదులో ఏడు నెలలున్నాడు. అదే ఏడు నేను బెంగళూరులో ఈ గడియారపు తొలి రూపం మీద ఆర్నెల్లు పనిచేశాను. నా సంగతి నాకు తెలుసు కాబట్టి బెంగళూరు ఊసు మనసులోకే రాలేదు. సికిందరాబాదు మాత్రం ముల్లులా దిగబడింది. నాకు వైద్యం అక్కర్లేదని, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలని డాక్టరు చెప్పింది. ఆ మాట ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి పోయింది. చీటీని అలమరలో చీరల కింద పరిచిన న్యూస్‌పేపరు అడుగున దాచాను. అప్పట్నుంచి ఏడాదిగా ఆయన ఫోను మోగితే నా చెవులు అటే ఉండేవి. ఒక్క మాట అడగలేదు. అడగకుండా అనుమానించడంలో ఉన్న సుఖం అనుమానించేవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఏడాదే గడియారాన్ని శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లెలకు తీసుకెళ్ళాం. వాటిలో ఒకటి ఉప్పలదిబ్బ. అక్కడి మగవాళ్ళు వినాయక చవితి దాటగానే గుజరాతులోని వేరావల్ రేవుకు పోయి, పరాయి బోట్ల మీద వేటాడి, ఎండాకాలంలో తిరిగొస్తారు. ఆడవాళ్ళు చేపల గంపలు మోస్తారు. ఆ ఊరి ఆశా కార్యకర్త ఝాన్సీ అరవై మంది ఆడవాళ్ళ దగ్గర ఫారాలు నింపి, నమూనాలు ఇప్పించింది.

ఫారం నేనే రాశాను. కణాలను తుప్పు పట్టించేది వైరస్ ఒక్కటే కాదని నాకు తెలుసు. పొగాకు విషం కూడా రక్తంలో కలిసి గర్భసంచి ముఖద్వారం దాకా వెళ్తుంది. అందుకే "సిగరెట్ తాగుతారా? బీడీ తాగుతారా? రోజుకు ఎన్ని?" అని గళ్ళు పెట్టాను. జవాబును బట్టి గడియారం పొగ వాటా తీసేసి లెక్క కడుతుంది. ఉప్పలదిబ్బ అరవై ఫారాల్లోనూ రెండు గళ్ళలో "లేదు" అనే ఉంది.

ఊరివాళ్ళు ఫారాలు ఇష్టం వచ్చినట్టు నింపుతారన్న అనుమానంతో శిక్షణలోనే గట్టిగా చెప్పాను: గళ్ళలో టిక్కు తప్ప ఒక్క అక్షరం అదనంగా కనబడకూడదని. మొదటివారం ఝాన్సీ పంపిన ఫారాల్లో కొన్నిటికి అంచున పెన్సిలుతో ఏదో గిలికి ఉంది. నేను చదవను కూడా చదవకుండా కట్ట కట్టి తిప్పి పంపాను. మళ్ళీ వచ్చిన ఫారాలు అద్దంలా ఉన్నాయి.

చీటీలు ఊరికి వెళ్ళాయి. పది రోజులకు ఝాన్సీ ఫోను చేసింది.

"మేడమ్, పోలమ్మ వైద్యానికి రానంటోంది."

సూరాడ పోలమ్మ చీటీ నాకు గుర్తుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి. కణాలు క్యాన్సరుకు ఒక్క మెట్టు దిగువన ఉన్నాయి. ఇప్పుడొచ్చి పావుగంట పనితో ఆ చిన్న భాగం తీయించుకుంటే హాయిగా బతికిపోతుంది. రాకపోతే ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

"భయపడుతోందా?"

"భయం కాదు మేడమ్. చీటీలో పంతొమ్మిదేళ్ళని ఉంది. ఆమెకి పెళ్ళయి పదిహేనేళ్ళు. ఆయన వేరావల్ నుంచి వచ్చి చీటీ చదివేడు."

నిజం చెప్పాలంటే నా మనసులో మొదట వచ్చింది జాలి కాదు. పోలమ్మ పదిహేడో ఏట ఏం చేసి ఉంటుందా అన్న ప్రశ్న వచ్చింది. ఆ తర్వాత ఫారాలు తిరగేశాను. అరవైలో ఇరవై మూడు చీటీలు పెళ్ళి కంటే పాతవి. నమూనాలు తారుమారయ్యాయేమో అనుకున్నాను, కాలేదు. ఝాన్సీ ఇంట్లో కూర్చుని ఫారాలు నింపిందేమో అనుకున్నాను. చివరికి, రాయడానికి సిగ్గుగా ఉంది, ఆ ఊరి ఆడవాళ్ళే అలాంటివాళ్ళేమో అనుకున్నాను. గడియారాన్ని మాత్రం అనుమానించలేదు. అది నా బిడ్డ మరి.

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నారు మోహనరంగం గారు, ఆ ఇరవై మూడు చీటీలు చూసి. "సమాజం గురించి గొప్ప విషయం బయటపడుతోంది. వ్యాసానికి పనికొస్తుంది." ఏళ్ళు వయసు కన్నా ఎక్కువ వచ్చిన నలుగురు ముసలమ్మల చీటీలను మాత్రం లెక్కకు రాని తప్పులుగా తీసి పక్కన పెట్టమన్నారు. పెట్టాను.

అయినా పోలమ్మ విషయం వదల్లేదు నన్ను. వ్యాసం ఎప్పుడైనా రాసుకోవచ్చు, ఆ మనిషికి అంత వ్యవధి లేదు. మర్నాడు పొద్దున్నే జీపులో ఉప్పలదిబ్బ వెళ్ళాను.

ఝాన్సీ వెంట ఉండి దారి చూపించింది. పోలమ్మ ఇల్లు ఇసుక మీదే ఉంది. వాకిట్లో ఆమె మొగుడు దానయ్య వల బాగుచేసుకుంటున్నాడు. నలభై దాటిన బలమైన మనిషి. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు. మర్యాదకు లోటు లేదు. కళ్ళు మాత్రం నా సంచీ మీద ఉన్నాయి, అందులోంచి ఇంకో చీటీ తీస్తానేమో అన్నట్టు. పోలమ్మ గుమ్మం లోపల, గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం కనబడలేదు, పాదాలు కనబడ్డాయి.

"పోలమ్మా, ఇది చిన్న పని. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తావు" అన్నాను.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "నాను రానమ్మా. వొస్తే ఒప్పుకున్నట్టే."

"ఏం ఒప్పుకున్నట్టు?"

"ఆ అంకె ఒప్పుకున్నట్టు. తప్పు సేసింది గనకే రోగం, రోగం ఉంది గనకే ఆసుపత్రికి ఎల్లింది అంతారు. నాను సచ్చిపోతే ఆ అంకె అబద్దమని అయినా అంతారు."

దానయ్య సూది ఆపాడు. "నానేటీ అన్నేదండి దాన్ని. సెయ్యి కూడా ఎత్తనేదు. అడిగినానంతే. పెళ్ళికి ముందు రొయ్యల షెడ్డులో నాలుగేళ్ళు పని సేసింది. ఆ ఏడే కదా అని అడిగినాను. మరి మీ మిషను అబద్దం సెప్తాదేటి?"

చెప్పదు అని ఊరూరా తిరిగి చెప్పింది నేనే.

పక్కనే చూరు నీడలో ఎండుచేపల నుంచి కాకుల్ని తోలుతూ దానయ్య తల్లి కొర్లమ్మ కూర్చుంది. వచ్చినప్పట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు, పెదవులు బిగించుకుని ఉంది. ఇప్పుడు లేచి ఇంట్లోకి పోయి, ఒక కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. మా చీటీయే. కొర్లమ్మ పేరు మీద ఉంది.

"సదువు" అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"అరవై ఆరు ఏళ్ళు" అని చదివాను. పక్కన పెట్టిన నాలుగు చీటీల్లో ఒకటి అది.

ముసలామె నోట్లో చేయి పెట్టి ఏదో బయటికి తీసింది. చిటికెన వేలంత చుట్ట. ఎర్రగా కాలుతున్న కొస లోపలి వైపు ఉంది. ఇంతసేపూ ఆ నిప్పు ఆమె నోట్లోనే ఉంది. ఒక్క పొగ తీగ కూడా నాకు కనబడలేదు.

"అరవై ఆరు" అంది కొర్లమ్మ. "మరి నాకు అరవై నాలుగేనమ్మా. నాను పుట్టకముందే రెండేళ్ళు తిరిగీసినానా ఏటి? మా యమ్మ కడుపుకి ముందే ఎవుడి కాడికి ఎల్లినానో నీ మిషన్ని అడిగి సెప్పు, ఆడి మొకం నానూ సూత్తాను."

ఝాన్సీ కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల పోలమ్మ పాదాలు కదిలాయి. దానయ్య నోరు తెరుచుకుని తల్లిని చూస్తున్నాడు. తల్లి చీటీ చదివి కూడా ఆ అంకెను ఆమె వయసుతో పోల్చాలని అతనికి తోచలేదు. తోచదు. ముసలివాళ్ళని ఎవరూ అనుమానించరు. చూసి కూడా తప్పని పక్కన పెట్టేశాను నేనూ, అంత చదివినదాన్ని.

నేను మాత్రం ఆమె చేతిలోని చుట్టనే చూస్తున్నాను.

"అది... నిప్పు లోపలికి పెట్టుకుని..."

"అడ్డపొగ మేడమ్" అంది ఝాన్సీ. "ఇక్కడ ఆడోళ్ళు ఇలాగే కాలుస్తారు. గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డున నడుస్తుంటే గాలికి, నీటి తుంపరకి చుట్ట ఆరిపోద్ది. లోపలికి తిప్పితే ఆరదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి."

"ఎప్పట్నుంచి?"

"నాను పదేళ్ళ గుంటప్పటి నుంచి" అంది కొర్లమ్మ. "రోజుకి అయిదారు. పోలమ్మకి నానే నేర్పినాను, కాపరానికి వొచ్చిన ఏడే. గంప మొయ్యలేక ఏడుత్తుంటే, ఇది ఎట్టుకో అలుపు తెల్దు అని సెప్పినాను."

ఫారం నా కళ్ళముందు ఆడింది. "ఝాన్సీ, ఫారంలో పొగ తాగరని రాశావు కదా!"

ఆ పిల్ల నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. "మీరు సిగరెట్టు, బీడీ అని అడిగేరు మేడమ్. నేనూ అలాగే అడిగేను. 'ఛీ, ఆడోళ్ళం, మేం తాగుతామేటి' అన్నారు. అది నిజమే. చుట్టని వీళ్ళు తాగడం అనరు, కాల్చుకోడం అంటారు. చుట్టకి గడి లేదు. అందుకే మొదట అంచున పెన్సిలుతో 'అడ్డపొగ' అని రాసేను. మీరు తిప్పి పంపేరు."

ఇరవై మూడు ఇళ్ళు. ఇరవై మూడు వాకిళ్ళలో ఇరవై మూడు మంది మగవాళ్ళు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు మా ప్రొఫెసర్ గారు. నిప్పు ఉంది, ఎదురుగా మనిషి నోట్లోనే ఉంది. చూడనిది నేను. గడియారం పొగ పెట్టిన మచ్చల్ని కూడా వైరస్ ఖాతాలో రాసి, ఏళ్ళు పెంచుకుంటూ పోయింది.

ఆ మాటే దానయ్యకు అర్థమయ్యేలా చెప్పాను. తప్పు యంత్రానిది కాదు, నాది అని కూడా చెప్పాను. అంత గట్టిగా నేను ఎవరికీ ఎప్పుడూ క్షమాపణ చెప్పుకోలేదు.

దానయ్య ముఖంలో ముందు వెలుగొచ్చింది. వల పక్కకి నెట్టి, "సూసినావా, నాను అనుకుంతూనే ఉన్నాను" అని గుమ్మం వైపు తిరిగి అన్నాడు. ఏం అనుకుంటూ ఉన్నాడో దేవుడికెరుక. తర్వాత నావైపు తిరిగాడు.

"అయితే అమ్మగోరూ, సుట్ట వాటా తీసీస్తే ఎన్నేళ్ళు వొస్తాది?"

నా బుర్ర అలవాటుగా లెక్క వేసేసింది. రోజుకి ఇన్ని, పదిహేనేళ్ళు. తొమ్మిదో పదో. అంటే కాపురంలోనే. అంటే ఏటా ఎనిమిది నెలలు ఈ మనిషి వేరావల్ రేవులో ఉన్న కాలంలోనే. నేను చెప్పకముందే ఆ లెక్క అతని ముఖంలోకి కూడా మెల్లగా వచ్చింది. వెలుగు తగ్గింది. పోలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొట్టమొదటిసారి ఆమె ముఖం చూశాను. ఆమె మొగుడినే చూస్తోంది, పది రోజులుగా అతను తనని ఎలా చూశాడో అలాగే. అనుమానం ఒక మనిషిని దిగి ఇంకో మనిషి మీదికి ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక్క అంకె నోట జారితే చాలు. సరిగ్గా పనిచేసే గడియారం తప్పు గడియారం కంటే ప్రమాదమని ఆ వాకిట్లో నాకు తెలిసింది.

అప్పుడు కొర్లమ్మ చుట్టని ఇసుకలో గుచ్చి ఆర్పింది.

"ఏళ్ళు, ఏళ్ళు! అందరూ ఏళ్ళే అడుగుతున్నారు" అంది. "ఎప్పుడొచ్చిందో నాకెందుకమ్మా? ఇది నా కోడలు. నాకు కూతుళ్ళు నేరు. ఇది బతుకుతాదా నేదా? అది సెప్పు ముందు."

పది రోజుల్లో ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు. దానయ్య అడగలేదు. ఊరు అడగలేదు. మోహనరంగం గారు అడగలేదు. నేనూ, ఫోనులో, ముందుగా అడిగింది అది కాదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"బతుకుతుంది పెద్దమ్మా. ఈ వారంలో పంపిస్తే తప్పకుండా బతుకుతుంది" అన్నాను. "ఏళ్ళ సంగతి నా మిషనుకు తెలియదు దానయ్యా. దాన్ని నమ్మొద్దు. నేనే చెప్తున్నాను."

దానయ్య చేతిలోని సూదిని వలకు గుచ్చాడు. తర్వాత లేచి, జీపు డ్రైవరు దగ్గరికి వెళ్ళి, విశాఖపట్నానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగాడు.

గురువారం పోలమ్మ వచ్చింది. వెంట దానయ్య, కొర్లమ్మ ఇద్దరూ వచ్చారు. డాక్టరు పావుగంటలో పని ముగించి, మెట్టు దాటలేదు, వేళకి వచ్చిందని చెప్పింది. మంచం మీద ఉన్న పోలమ్మని చీటీ అడిగాను, తీసేసుకుందామని.

"అదేదీ! దాంతో మా అత్త సుట్ట ముట్టించీసింది" అని నవ్వింది. "అదే ఆకరి సుట్ట అంది. నాను నమ్మనేదనుకోండి."

దానయ్య వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పోలమ్మ అతన్ని లోపలికి రమ్మని పిలవలేదు. పొమ్మని కూడా అనలేదు. ఆ ఇంట్లో ఆ అంకె ఎన్నాళ్ళు తిరుగుతుందో నాకు తెలియదు. దాన్ని పుట్టించింది మాత్రం నేనే.

ఇరవై మూడు ఇళ్ళకూ నేనే తిరిగి చెప్పాను, వారం పట్టింది. మోహనరంగం గారు, "చుట్టకి ఒక గడి కలిపితే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?" అన్నారు. కలిపాను. కానీ చీటీ మీద ఏళ్ళ వరుస తీసేశాను. దాని బదులు ఎన్ని వారాల్లోగా వైద్యానికి రావాలో అచ్చవుతుంది. వెనక్కి చూపే అంకె పోయి, ముందుకి చూపే అంకె వచ్చింది. గడియారం కొత్తదనమంతా ఆ ఏళ్ళలోనే ఉందని ఆయన బాధ. ఆయన నాతో సరిగ్గా మాట్లాడి నెలవుతోంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అలమర తెరిచి, న్యూస్‌పేపరు కింది నుంచి నా చీటీ తీశాను. తెచ్చి శశిధర్ ముందు బల్ల మీద పెట్టాను.

"ఇది ఏడాది నుంచి నీకు చూపించలేదు" అన్నాను.

ఆయన చీటీని ముట్టుకోలేదు. "తెలుసు. ఉతికిన చీరలు సర్దుతుంటే కనబడింది."

"ఎప్పుడు?"

"పోయిన దీపావళికి ముందు." చీటీలోని అంకె వైపు చూశాడు. "ఎనిమిదేళ్ళ క్రితం నువ్వు బెంగళూరులో ఉన్నావు కదా, సుభా."

ఏడాదిగా నేను సికిందరాబాదు లెక్కపెట్టాను. ఆయన బెంగళూరు లెక్కపెట్టాడు. ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఒకే చీటీని, చెరో ఊరి వైపు నుంచి చదువుకున్నాం. నాకు కోపం వచ్చింది, వెంటనే సిగ్గు వచ్చింది, ఆ తర్వాత ఆపుకోలేని నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉప్పలదిబ్బ సంగతంతా చెప్పాను. కొర్లమ్మ నోట్లో నిప్పు దగ్గర ఆయనా నవ్వాడు. ఆమె అడిగిన ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆయన చీటీని బోర్లా తిప్పి, నా చేయి పట్టుకున్నాడు.

"నీకేం ప్రమాదం లేదు కదా?" అని అడిగాడు.